కిరీటం బొమ్మ పక్కనున్న మాట

గజంబద్దలు మాయమైపోవడం నాకు నచ్చలేదు. ఇప్పటి దర్జీలందరూ మెడలో టేపు వేసుకుని తిరుగుతున్నారు. టేపు సాగుతుంది. ఎండాకాలం ఒక గజం, వానాకాలం ఒక గజం. మొన్న నేను కుట్టించుకున్న పంట్లాము నాకంటే పొడుగైన మనిషి కోసం ఎదురుచూస్తోంది. గజంబద్ద అలా కాదు. టేకు కర్ర, రెండు కొసలకూ ఇత్తడి తొడుగు. ఎవరి మొహం చూసీ సాగదు, ఎవరి మీద జాలిపడీ తగ్గదు. ఈ సంగతి నా కుడిచేతి చూపుడు వేలికి బాగా తెలుసు. నేను ఎటు చూపించబోయినా ఆ వేలు ఇప్పటికీ కొంచెం పక్కకే చూపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నేను బెజవాడ వైపు నుంచి ఒక బి.ఏ. పట్టా, ఒక పరుపుచుట్ట పట్టుకుని హైదరాబాదు వచ్చి, ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకున్నాను. ఇప్పుడు మైత్రీవనం చుట్టుపక్కల చదువు చెబుతామనే బోర్డు లేని గోడ కనపడదు. అప్పుడు అక్కడంతా తోటలు, జొన్నచేలు, వాటి మధ్య పెంకుటిళ్ళు. చదువు చెబుతాననే మనిషిని నేనొక్కణ్ణే. ఆ మాట కూడా నేననలేదు. నా తరఫున పాదిరిగారు అనేశారు.

పాదిరిగారు మా వీధి చివరి చిన్న చర్చికి పెద్దమనిషి. కొలతలో కూడా పెద్దే. ఆదివారం ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం పూట, చర్చి పక్క రేకుల కొట్టంలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పాలని ఆయన కోరిక. వచ్చేవాళ్ళు మూడు రకాలు. చర్చి కుటుంబాల వాళ్ళు: వంటవాళ్ళు, తోటమాలులు, రైల్వేలో పనిచేసేవాళ్ళు. రెండో రకం, మగ్గాల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. యుద్ధం వల్ల నూలు దొరక్క, మగ్గం వదిలి మిషను పట్టుకుని సిపాయిలకు ఖాకీ బట్టలు కుడుతున్నారు. మూడో రకం పంజాగుట్టలో రాళ్ళు కొట్టేవాళ్ళు. వీళ్ళు కూర్చుంటే బెంచీలు మూలిగేవి.

చెప్పే పద్ధతి గురించి నాకు దిగులుగానే ఉండేది. నేను చదువుకున్న పద్ధతి వేరు. నాకు ఎక్కాలు వీపు మీద నేర్పారు, ఇంగ్లీషు చెవి మెలిపెట్టి నేర్పారు. ఇప్పటికీ పదమూడో ఎక్కం వినపడితే నా భుజం దానంతటదే తప్పుకుంటుంది. కాలేజీలో ఎవరూ కొట్టలేదు. అందుకే అక్కడ నేర్చుకున్నదేదీ గుర్తులేదు. రాళ్ళు కొట్టేవాళ్ళకు ఈ పద్ధతిలో చెప్పే ధైర్యం నాకు లేదు కనుక మర్యాదగా చెప్పాలని నిశ్చయించుకున్నాను.

పాదిరిగారికి పై దేశాల నుంచి పాత పత్రికలు వచ్చేవి. ఒకదాంట్లో ఏ దేశంలో పెద్దవాళ్ళకు ఎంత చదువు వచ్చునో పోలుస్తూ పెద్ద వ్యాసం పడింది. డెన్మార్కులో రైతులు మంచు పడే కాలంలో బడికి పోయి కూర్చుంటారట. స్వీడన్‌లో ఒకప్పుడు పాదిరి ముందు పుస్తకం చదివి చూపించనివాడికి పెళ్ళి అయ్యేది కాదట. రష్యాలో మనవలున్న ముసలమ్మల చేతికి పలకలిచ్చారట. జర్మనీలో చదువు రానివాడు కావాలంటే వెతుక్కోవాలట. ఇదంతా వింటే మావాళ్ళకు పౌరుషం వస్తుందని పాదిరిగారు అన్నారు. పౌరుషం విషయంలో ఆయన అంచనా తప్పలేదు.

నేనొక పాత దుప్పటి మీద ప్రపంచ పటం గీశాను. అందరికీ చదువొచ్చిన దేశాలకు సున్నం, సగం వచ్చిన వాటికి బూడిద, రాని వాటికి దీపం మసి. మన దగ్గరికి వచ్చేసరికి మసి చాలక పాదిరిగారి వంటింట్లో పెనం గీకించాల్సి వచ్చింది. దాని కింద గుండ్రంగా, కాలేజీలో చదువుకున్నవాడు రాసినట్టుగా, 'నిరక్షరకుక్షులు' అని రాశాను.

రాళ్ళు కొట్టే ముసలాయన ఒకడు ఆ మాటకు అర్థం అడిగాడు. కుక్షి అంటే పొట్ట, నిరక్షరమంటే అక్షరం లేనిది, వెరసి అక్షరం లేని పొట్ట అన్నాను. ఆయన తన పొట్టను కాసేపు చూసుకున్నాడు. అందులో అక్షరమే కాదు, పొద్దటి నుంచి గంజి కూడా పడలేదని, అయినా తన పొట్ట సంగతి దేశదేశాల పక్కన దుప్పటికెక్కించడం ఏం మర్యాదని నిదానంగా అడిగాడు. అంతలో చర్చి బెంచీ లేచింది. తాము బైబిలు చదువుతాం కనుక తమకు మసి పూయడం అన్యాయమని, కనీసం బూడిదైనా ఇవ్వాలని వాళ్ళ వాదన. మగ్గాల బెంచీ నవ్వింది. కంఠస్థం చేసి పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా చదువేనా అని ఎవరో అన్నారు. దేశాల పోలిక బెంచీల పోలిక దాకా వచ్చింది, ఆ తర్వాత బెంచీలే పైకి లేచాయి. చర్చ కొంచెం ఉత్సాహంగా సాగిందనే చెప్పాలి. ఒకాయన ముందు పళ్ళు చర్చలోంచి తప్పుకున్నాయి. ఇంకొకాయన చెవి సగం వరకే ఏకీభవించింది. డెన్మార్కు మీద నెత్తురు పడింది.

ఆ రోజు అందరికంటే బాగా పనిచేసినవాడు ఒక దర్జీ. మగ్గాల ఊరివాడు. సన్నగా, ఎండిన చింతబరిక లాగా ఉండేవాడు. గజంబద్ద చంకలో పెట్టుకునే బడికి వచ్చేవాడు, చంకలోంచి తీస్తే కొట్టడానికే తీసేవాడు. అంతా అయిపోయాక ఆయాసపడుతూ పటం ముందు నిలబడి, గజంబద్దతో తెల్ల దేశాలను ఒక్కొక్కటే పొడిచి చూపించాడు.

“గీ తెల్ల రంగు దేశాలోళ్ళే గద పంతులూ గిప్పుడు బాంబులేసుకునేది? వీళ్ళ కోసమే నేను ఖాకీ కుడుతున్న. మస్తు చదువుకున్నరు, మస్తు సస్తున్నరు.”

పాదిరిగారు ప్రార్థనతో తరగతి ముగించారు.

ఆ దర్జీ భార్య కూడా మా బడికి వచ్చేది. ఆడవాళ్ళు కొట్టానికి అటువైపు, ఒక చీర కట్టిన మరుగున కూర్చునేవాళ్ళు. ఆమెను పంపింది పాదిరిగారి భార్య, ఆమె వెంట కాపలాకు వచ్చినవాడు మొగుడు. కాపలాకు వచ్చి ఊరికే కూర్చోవడం దేనికని అతనూ పలక పట్టాడు. అతను గుణింతాల దగ్గరే ఆగిపోయాడు. ఆమె వత్తులు దాటి, వాక్యాల్లో పడింది. ఈ తేడా వాళ్ళ ఇంట్లో ఎలా తెలిసేదంటే, సోమవారం నాడు ఆమె పెదవి చూస్తే తెలిసేది. ఏమైందని పాదిరిగారి భార్య అడిగితే తలుపు తగిలిందనేది. ఇంకో వారం కన్ను నల్లబడితే అదీ తలుపే. ఒకసారి ఇంకో అద్దెగది వెతుక్కుంటూ నేను యూసుఫ్‌గూడ దారిలో వాళ్ళుండే గదుల వరస చూశాను. వాళ్ళ గదికి తలుపు లేదు. గోనెసంచి వేలాడుతోంది.

ఆమె చదువు వెనక ఒక సంగతి ఉంది. పంజాగుట్ట గుట్ట కింద అప్పుడొక చిన్న మిషన్ దవాఖాన ఉండేది. అక్కడ మందులందించే ఆయా కావాలి. జీతం సంగతి అలా ఉంచితే, ఆ పనికి దవాఖాన వెనక ఒక గది ఇస్తారు. ఆ గదికి తలుపుంది, తలుపుకు లోపలి నుంచి గడియ ఉంది. ఆమెకు కావలసింది ఆ గడియ. కానీ దవాఖాన దొరసాని ఒక షరతు పెట్టింది. అంతకు ముందున్న ఆయా సీసా మీది చీటీ చదవడం రాక, ఒంటికి పూసే మందును ఒక రోగికి తాగించింది. అతను ఫిర్యాదు చేసే స్థితిలో లేడు. అప్పటి నుంచి సర్కారు తాలీం శాఖవారు, అంటే విద్యాశాఖవారు, చదువొచ్చిందని రాసిస్తేనే మనిషిని తీసుకుంటానని దొరసాని పట్టుబట్టింది. తాలీం శాఖ అధికారి మా బడి చూడడానికి వస్తున్నట్టు కబురు కూడా వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, మా వాచకంలో.

అందులో ఒక పేజీ మీద కిరీటం బొమ్మ ఉంటుంది. దాని పక్కన రెండక్షరాల మాట. ఏ వాచకం తీసినా ఆ మాట లేకుండా తెలుగు మొదలవదు. కోటలో ఉంటాడు, వేటకు పోతాడు, పండ్లు తింటాడు. పాఠమంతా ఆయనే. ఆ మాటే దర్జీ పేరు. మొగుడి పేరు పెళ్ళాం నోట పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని అప్పట్లో అందరికీ తెలుసు. అందువల్ల ఆమె ఆ పాఠాన్ని తనదైన పద్ధతిలో చదివేది. “గాయన కోటలో ఉండెను. గాయన వేటకు పోయెను. గాయన పండ్లు తినెను.” బెంచీలు నవ్వేవి. నేను ఆపేవాణ్ణి కాదు. నామవాచకం ఉన్న చోట సర్వనామం వేసింది, వ్యాకరణం ఒప్పుకుంటుంది కదా.

అధికారి జట్కాలో వచ్చాడు. ముఖమల్ టోపీ, అత్తరు వాసన, చాలా మర్యాదస్తుడు. ఉర్దూలో ఆలోచించి తెలుగులో మాట్లాడేవాడు. దుప్పటి మీది పటం చూసి ముచ్చటపడ్డాడు. అన్ని ముల్కుల వాళ్ళూ, అంటే అన్ని దేశాల వాళ్ళూ, పెద్దవాళ్ళ చదువు లెక్కలు తీస్తున్నారని, మన రియాసతు, అంటే నిజాం రాజ్యం, నుంచి కూడా పంపాలని చెప్పాడు. ఒక ముల్కును ఇంకో ముల్కుతో పోల్చాలంటే అందరినీ ఒకే కొలబద్దతో కొలవాలి, కనుక అందరికీ ఒకటే పాఠం పెడతానని వాచకం తెరిచాడు. కిరీటం బొమ్మ దగ్గర తెరుచుకుంది. ఆ పేజీ బాగా వాడి ఉండటం వల్ల పుస్తకం అక్కడే తెరుచుకునేది.

ముసలాయన చదివాడు. చర్చి వంటవాడు కళ్ళు మూసుకుని చదివాడు. దర్జీ లేవలేదు. తాను నేర్చుకోవడానికి రాలేదని, కాపలాకు వచ్చానని చెప్పాడు. ఆ తర్వాత ఆమె వంతు. చీర మరుగు దాటి వచ్చి, అధికారి బల్ల ముందు నిలబడి, తన పద్ధతిలోనే మొదలుపెట్టింది. మొదటి వాక్యానికే అధికారి వేలు ఆగింది.

“అమ్మా, గాయన అని ఏడుంది? గీ లఫ్జ్, గీ మాట చదువు.”

నేను కలగజేసుకుని ఆచారం సంగతి వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, నా పటం వైపే చెయ్యి చూపించి, ఈ తెల్ల ముల్కుల్లో ఈ బహానా, ఈ సాకు, నడుస్తుందా అని అడిగాడు. నడవదన్నాను. అక్కడ ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టే పిలుస్తారని, తిండికి రమ్మన్నా పేరు పెట్టే రమ్మంటారని, నేను చదివింది కూడా చెప్పాను. అందరూ విన్నారు. ఆమె కూడా విన్నది. అయితే ఇక్కడ మాత్రం ఎందుకు నడవాలి అన్నాడాయన. రాయడానికి కలం సిరాలో ముంచాడు. చదవనివాళ్ళకు ఆయన రాసేది 'నాఖ్వాందా' అనే మాట, అంటే చదువు రాని మనిషి అని.

వెనక బెంచీ మీద నుంచి దర్జీ గొంతు వినిపించింది. కోపంగా కూడా లేదు. కొలత చెప్పినట్టు చెప్పాడు.

“నా పేరు నీ నోట్లకెల్లి వచ్చిందంటే, నా ఆయుస్సు పోతది. దానికి ముందు నీ చెయ్యి పోతది.”

కలం కాగితం దగ్గరికి వచ్చింది. ఆమె దాన్ని చూసింది. తర్వాత పుస్తకం ఎత్తి మొహానికి దగ్గరగా పట్టుకుని, ఆ మాట చదివింది. స్పష్టంగా, దీర్ఘం దీర్ఘంగా, వీధిలో ఎవరినో పిలిచినట్టు చదివింది. కోటలో ఉండెను అన్నది. ఆ 'ఉండెను' పూర్తయ్యేసరికి గజంబద్ద ఆమె వీపు మీద పడింది.

ఆమె పుస్తకం వదల్లేదు. రెండో వాక్యం కూడా ఆ మాటతోనే మొదలవుతుంది. చదివింది. ఈసారి దెబ్బ పుస్తకం పట్టుకున్న చేతి మీద పడింది. ఎండుపుల్ల విరిగితే వచ్చే చప్పుడు వచ్చింది, పుస్తకం పడిపోయింది. ఆమె కింద కూలబడి, రెండో చేత్తో పుస్తకం లాక్కుని, నేల మీదే పెట్టి మూడో వాక్యం మొదలుపెట్టింది. పిల్లలకు గుర్తుండాలని ప్రతి వాక్యంలోనూ ఆ మాట వేశారు, వాచకం రాసినాయనది చాలా శాస్త్రీయమైన పద్ధతి. మధ్యలోకి నేను కుడిచెయ్యి చాపాను. ఏం చేద్దామని చాపానో నాకిప్పటికీ తెలియదు, కాలేజీలో అలాంటప్పుడు చెయ్యెత్తితే మాట్లాడనిచ్చేవారు. ఇత్తడి తొడుగు నా చూపుడు వేలి మీద పడింది. గజం సరిగ్గా గజమేనని అప్పుడు తెలిసింది.

తర్వాత జరిగినవి కొంచెం కలగాపులగంగా గుర్తున్నాయి. పాదిరిగారికి హింస అంటే గిట్టదు, అందుకని దర్జీని కొట్టకుండా అతని మీద కూర్చున్నారు. రాళ్ళు కొట్టేవాళ్ళకు అలాంటి పట్టింపులు లేవు. పాదిరిగారి శరీరం కప్పకుండా మిగిలిన భాగాలను వాళ్ళు పంచుకున్నారు. రాళ్ళ మీద అలవాటైన చేతులు కనుక తొందరపడకుండా, ఒక వరసలో, ఎక్కడ పగులుతుందో చూసుకుంటూ కొట్టారు. మగ్గాల బెంచీ తమవాణ్ణి విడిపించడానికి వచ్చి చర్చి బెంచీకి దొరికింది. పాత బాకీ చెవి ఈసారి పూర్తిగా తీరింది. పటం చిరిగి, జర్మనీ ఒకరి కాళ్ళకు చుట్టుకుని అతన్ని కింద పడేసింది. దర్జీ మాత్రం పాదిరిగారి కింద నుంచి ఒకటే మాట అరుస్తున్నాడు. చదువు ఆపమని కాదు. తన పేరు ఆపమని. నోట్లో నెత్తురు నిండి ఉండటం వల్ల అది ఏడుస్తున్నట్టు వినపడింది. ఏడ్చాడేమో కూడా.

అధికారి బల్ల కింద ఉన్నాడు. ముఖమల్ టోపీ ఎటో పోయింది, సిరాబుడ్డి మాత్రం ఒడిలో జాగ్రత్తగా పట్టుకున్నాడు. బల్ల కింద ఆయన, నేల మీద ఆమె ఇప్పుడు ఎదురెదురుగా ఒకే ఎత్తులో ఉన్నారు. ఒక్క వాక్యం మిగిలిందని ఆయన ఆమెకు గుర్తుచేశాడు. ఉద్యోగ ధర్మం. ఆమె చదివింది. ఆయన బల్ల కిందే 'ఖ్వాందా' అని రాసి, దస్తఖత్తు పెట్టి, సిరా ఆరడానికి ఊదాడు.

ఆమెకు ఆ గది దొరికింది. దర్జీ కొన్నాళ్ళు మంచంలో ఉండి లేచాడు. చేతులకు ఏమీ కాలేదు, మళ్ళీ ఖాకీ కుడుతున్నాడని విన్నాను. ఆదివారాలు దవాఖాన గేటు దగ్గరికి వచ్చి, తనకేమన్నా అయితే ఆమె వల్లనేనని అరిచి పోయేవాడట. గూర్ఖా అతన్ని ఎన్నోసార్లు తోసేశాడట. మా బడి మాత్రం మళ్ళీ తెరవలేదు. బెంచీలు లేవు.

నా వేలు మానలేదు. చీము పట్టింది. ఆఫీసులో ఎడమ చేత్తో రాయబోతే నా పై అధికారి ఆ కాగితం చూసి, బి.ఏ. ఎక్కడ చదివావని అడిగాడు. చివరికి ఒకరోజు పంజాగుట్ట దవాఖానకు నడిచి వెళ్ళాను. వసారాలో దొరసాని లేదు. ఆమె ఉంది. ఎడమ చెయ్యి ఇంకా మెడకు కట్టే ఉంది. కుడిచేత్తో నా వేలి కట్టు విప్పి, వాసన చూసి, మొహం కూడా చిట్లించకుండా లోపలికి పోయి ఒక సీసా తెచ్చింది. చంకలో ఇరికించుకుని బిరడా తీసింది. పోసే ముందు చీటీ వైపు చూసి పైకే చదివింది, ఒంటికి పూయునది, తాగరాదు అని.

చెయ్యి ఎలా ఉందని అడిగాను. అడగాల్సింది కాదేమో, కానీ మాట్లాడకుండా కూర్చుంటే మందు ఇంకా మండుతుంది. తలుపు తగిలిందంటుందని అనుకున్నాను. ఆమె ఆ కిరీటం మాటే చెప్పింది. అతను ఇరగ్గొట్టాడని, అతని పేరు పెట్టి, అంగడి పేరు చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

ఆ పేరు అలా వినేసరికి నాలోని పంతులు లేచి కూర్చున్నాడు. ఆమె సాధించింది చిన్న సంగతి కాదని, డెన్మార్కులో, స్వీడన్‌లో ఆడవాళ్ళు ఇలాగే చదువుకుని, పనులు చేసుకుని, మొగుళ్ళను పేరు పెట్టి పిలుస్తూ బతుకుతారని, మన దేశం కూడా ఎప్పటికో ఒకప్పటికి ఆ రంగుకు వస్తుందని మొదలుపెట్టాను. బాగానే చెబుతున్నానని కూడా అనుకున్నాను. ఆమె గాయంలోకి మందు పోస్తూ, తలెత్తకుండా విన్నది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అన్నది:

“పేరు పెట్టి పిలుస్తరని అప్పుడు సుత చెప్పిండ్రు సారూ. కొడ్తరో కొట్టరో అది చెప్పలే మీరు.”